నివ్వరి: ఒక పేరు, రెండు అడవి వరి జాతులు

కీలకపదాలు: నివ్వరి, నీవారం, అడవి వరి, రాక్స్‌బరో, జాతిభేదం, ఉత్తర సర్కారులు.

ఉపోద్ఘాతం:
దున్నకుండా, విత్తకుండా నీటి అంచుల్లో తనంతట తాను మొలిచే వరిని తెలుగులో ‘నివ్వరి’ అంటారు. సంస్కృతంలో ఇది నీవారం. అభిజ్ఞానశాకుంతలం ప్రథమాంకంలో ఆశ్రమ పరిసరాలను తెలిపే ఆనవాళ్లలో, చిలుకలుండే చెట్టుతొర్రల నుండి రాలిన నీవారధాన్యం ఒకటి. మునుల ఆహారంగా కావ్యాలకెక్కిన ఈ పదం 1965లో వృక్షశాస్త్రంలో జాతినామమైంది. ఆ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఉత్తర సర్కారుల సాక్ష్యం:
విలియం రాక్స్‌బరో 1793లో కలకత్తా వెళ్లేవరకు సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల మొక్కలను అధ్యయనం చేశాడు. నేటి గరివిడి ప్రాంతం కూడా ఆ సర్కారుల్లోనిదే. ఆయన మరణానంతరం వెలువడిన ‘ఫ్లోరా ఇండికా’లో అడవి వరికి తెలుగువారి పేరే నమోదైంది. వానకాలంలో ఇది జలాశయాల అంచున పెరుగుతుందని, దిగుబడి తక్కువ కావడంతో రైతులు సాగుచేయరని, సంపన్నులు మాత్రం ఎక్కువ ధర ఇచ్చి కొంటారని అందులో ఉంది. అయితే రాక్స్‌బరో దీనిని సాగువరికి అడవి రూపంగానే చూశాడు.

నీరు విడదీసిన బంధువులు:
1965లో ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి ఒక అడవి వరిని ప్రత్యేక జాతిగా గుర్తించి ‘ఒరైజా నివారా’ అని పేరుపెట్టారు. దీనికి అతి దగ్గరి బంధువు ‘ఒరైజా రూఫిపోగాన్’. రెండింటికీ 24 క్రోమోజోములే. రెండింటి మధ్య సంకరమూ సాధ్యమే. భేదమంతా నీటి నిలకడలో ఉంది. రూఫిపోగాన్ ఏడాది పొడవునా నీరుండే లోతైన చిత్తడిలో బహువార్షికంగా బతుకుతుంది. పరపరాగ సంపర్కం దానిలో ఎక్కువ. వేసవికి ఎండిపోయే మడుగులో నివారా ఆ ఏటికాయేడు త్వరగా పూసి, ఎక్కువగా స్వపరాగ సంపర్కంతో గింజకట్టి, ఎండిన నేలకు విత్తనాన్ని అప్పగించి చనిపోతుంది. పూత కాలాలు వేరు కావడం వల్ల ఈ రెండింటి కలయిక తగ్గుతుంది. అయినా అది పూర్తిగా ఆగలేదు. జన్యువుల రాకపోకలు సాగుతుండగానే ఆవాసభేదం వల్ల ఇవి విడిపోయాయని 2010లో జెంగ్, గె వెలువరించిన పరిశోధన నిరూపించింది. అందుకే వీటిని ఒకే జాతిలోని రెండు రూపాలుగా పరిగణించేవారు నేటికీ ఉన్నారు.

పేరు, పరిమితి:
ఈ ఆధారాలతో మన పూర్వులు రెండు జాతులను వేరుగా గుర్తించారనడం తొందరపాటు. ‘నివ్వరి’ అనే మాట సాగుకు లొంగని వరిని సాగువరి నుండి వేరుచేసింది. అడవి వరులను తమలో తాము వేరుచేసిందనడానికి రాక్స్‌బరో వర్ణన చాలదు. శాస్త్రం పాత పదాన్ని స్వీకరించి, దాని అర్థాన్ని సంకుచితం చేసింది.

ముగింపు:
ఈ భేదం పండితచర్చకే పరిమితం కాదు. వరిని పొట్టిగా మార్చి దిగుబడిని హరించే గ్రాసీ స్టంట్ వైరస్‌కు నిరోధకత కోసం అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేలాది రకాలను పరీక్షించగా, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివారాలోనే అది లభించింది. ఆ జన్యువు ఐఆర్ 36 వంటి వంగడాల ద్వారా ఆసియా పొలాలకు చేరింది. గరివిడి పరిసరాల్లో వానకు నిండి వేసవికి ఎండే బందలు, చెరువుల అంచులు నివారాకు తగిన ఆవాసాలు. వాటిని పూడ్చినా, ఏడాది పొడవునా నీరుండేలా లోతు చేసినా ఆ ఆవాసం పోతుంది. నీరు ఎండే కాలమే ఈ జాతిని రూపొందించింది. నివ్వరిని నిఘంటువులో భద్రపరచుకున్న మనం, అది మొలిచే నేలను కూడా భద్రపరచుకోవలసి ఉంది.