రెండో అక్షరం ‘న’కారం: కురిక్యాల బండ మీది పదకేళి

2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నిక హోరులో మునిగిపోయి ఉంది. 30న పోలింగు. ఏ వాడకు పోయినా మైకులే. సరిగ్గా ఆ నెలలోనే న్యూయార్క్‌లో జాష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, తన సహచరి పాలక్ షా కోసం తయారుచేసిన ఒక చిన్న ఆటను అందరి ముందూ పెట్టాడు. దాని పేరు వర్డిల్. ఐదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి దాగి ఉంటుంది. ఆరు ప్రయత్నాల్లో దాన్ని పట్టుకోవాలి. అక్షరం సరైన చోట పడితే గడి పచ్చబడుతుంది. మాటలో ఉండి చోటు తప్పితే పసుపు, అసలే లేకపోతే బూడిదరంగు. 2022 జనవరికల్లా న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ఆటను కొనేసింది. ‘మధ్యలో ఆర్ ఉండాలి, చివర ఇ ఉండాలి, ఐదక్షరాలు’ అని మాటలు వెతుక్కునే అలవాటు అలా లోకమంతా పాకి, మన పిల్లల ఫోన్లలోకీ వచ్చింది.

అక్షరాలను గడుల్లో కూర్చే సరదా పత్రికలకు అంతకు ముందే ఉంది. ఆర్థర్ విన్ కూర్చిన తొలి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’లో అచ్చయింది. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కూర్చారు. కానీ ఇన్ని అక్షరాలే ఉండాలి, ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలి అన్న పట్టుదల తెలుగువాళ్ళకు పత్రికలతో రాలేదు. పద్యంతోనే వచ్చింది. దానికి చాలా పాత సాక్ష్యం మన కరీంనగర్ జిల్లాలోనే బండ మీద ఉంది.

కరీంనగర్ నుంచి జగిత్యాల దారి పట్టి గంగాధర మండలంలోకి పోతే కురిక్యాల వస్తుంది. ఊరి దగ్గరి బొమ్మలగుట్ట మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరీ దేవి బొమ్మ, వాటితో పాటు ఒక శాసనం చెక్కి ఉన్నాయి. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థాన కవి. కాలం పదో శతాబ్దం, అంటే నన్నయ భారతానికి సుమారు వందేళ్ళ ముందు. శాసనంలో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, చివర తెలుగులో మూడు కందపద్యాలు ఉన్నాయి. మనకు దొరికినంతలో తెలుగు కందానికి ఇంతకన్నా పాత ఆనవాలు లేదు.

కందం చెప్పినవాడే కవి అని ఊరికే అనలేదు. మొదటి పాదానికి మూడు గణాలు, రెండో పాదానికి ఐదు, మళ్ళీ మూడు, మళ్ళీ ఐదు. ఒక్కో గణానికి నాలుగేసి మాత్రలు, మొత్తం 64. బేసి గణంగా జగణం రాకూడదు. ఆరో గణం జగణమో నలమో అయితీరాలి. రెండో పాదం, నాలుగో పాదం గురువుతో ముగియాలి. ఆ రెండు పాదాల్లోనూ నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి. వీటన్నిటి మీద ప్రాస: నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి.

జినవల్లభుడి పద్యాల్లో ఒకదాన్ని ఈ లెక్కతో చదివి చూడండి. జినభవనాలు కట్టించడంలో, జినపూజలు చేయడంలో, జైన మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి ఎవరని ఆ పద్యం అడుగుతుంది. ప్రాసాక్షరం ‘న’. మూడు పాదాలు ‘జిన’తోనే మొదలవుతాయి కాబట్టి రెండో అక్షరంగా నకారం దానంతటదే వచ్చి కూర్చుంది. మూడో పాదంలో ‘జిన’ లేదు, అయినా రెండో అక్షరం నకారమే. రెండో పాదంలో, నాలుగో పాదంలో యతి చోట మళ్ళీ ‘జి’ పడింది. చెప్పదలచుకున్న పేరులోని రెండక్షరాలనే ఆ కవి పద్యానికి యతిగా, ప్రాసగా వాడుకున్నాడు. ఇది తొలిసారి కందం పట్టిన చెయ్యి చేసే పని కాదు. అప్పటికే ఈ నేల మీద కందం బాగా నలిగి ఉంటుందని నా నమ్మకం. బడి పిల్లలను కట్టకట్టి కోటలకు తీసుకుపోతాం, ఈ గుట్టకు కూడా తీసుకుపోవాలి. నిలబడి ఆ ‘జిన’లు లెక్కపెట్టించాలి.

ఇంగ్లీషు ఆటకూ మన ఆటకూ గడి దగ్గరే తేడా వస్తుంది. వాళ్ళకు గడికి ఒక్క లిపి గుర్తు. మనకు గడిలో హల్లు, అచ్చు, వత్తు కలిసి కూర్చుంటాయి. ‘స్త్రీ’ మూడు హల్లులు, ఒక అచ్చు మోస్తున్నా పద్యంలో ఒక్క అక్షరమే. అందుకే తెలుగులో చోటు బిగిస్తే కవికి కదలడానికి సందు ఉండదు.

ఆ ఇరుకునే వేదికనెక్కించింది అవధానం. అష్టావధానంలో న్యస్తాక్షరి అని ఒక అంశం ఉంటుంది. పృచ్ఛకుడు లేచి వృత్తం పేరు చెబుతాడు, విషయం చెబుతాడు. తర్వాత మొదటి పాదంలో ఫలానా అక్షరం ఏడోది కావాలి, రెండో పాదంలో ఫలానాది పదహారోది కావాలి అంటూ నాలుగు పాదాలకూ బిగిస్తాడు. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. ఉత్పలమాల అయితే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, రెండోది ప్రాస, వీటి నడుమ పృచ్ఛకుడు పాతిన అక్షరం. ఈ పక్క నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ ‘ఇది వద్దు’ అంటూంటాడు, ఆ పక్క ఒకరు గంట కొడుతూంటారు, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో మాటల్లోకి లాగుతూంటారు. చివర్న పద్యాలన్నీ వరసగా ధారణ చెయ్యాలి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జంటగా ఊరూరా తిరిగి ఈ విద్యను జనం మధ్యకు తెచ్చారు.

ధారణ అనగానే అమెరికాలోని మన పిల్లలు గుర్తొస్తారు. 2024 స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ కుటుంబం మూలాలు నల్గొండలో ఉన్నాయి. చివరి పోటీలో 90 సెకన్లలో 29 మాటల అక్షరాలు తప్పులేకుండా చెప్పాడు. ఆ మాటలు ఇంగ్లీషువే కావచ్చు, ఆ కసరత్తును మాత్రం మన అవధానులు వెంటనే గుర్తుపడతారు.

న్యస్తాక్షరి అక్షరాన్ని కావాలని తెచ్చే ఆట. వద్దని వెళ్ళగొట్టే ఆట ఇంకోటుంది. అమెరికాలో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ ‘ఇ’ అక్షరం లేకుండా 50,000 మాటల నవల ‘గాడ్స్‌బీ’ రాసి 1939లో అచ్చువేశాడు. మన తెలంగాణ కవి మరింగంటి సింగరాచార్యులు పదహారో శతాబ్దంలోనే ‘దశరథరాజనందన చరిత్ర’ను నిరోష్ఠ్యంగా రాశాడు. పెదవులు తగిలే ప, ఫ, బ, భ, మలు లేకుండా రామకథ నడపాలి. రాముడి పేరులోనే ‘మ’ ఉంది! ఆయన కావ్యానికి పెట్టిన పేరు చూడండి, ‘దశరథరాజనందన’. రాముణ్ణి చెప్పింది, పెదవి మాత్రం తగల్లేదు.

ఇక మన ఊరి పేరు. హు-జూ-రా-బా-దు, సరిగ్గా ఐదక్షరాలు. ఒక లఘువు, మూడు గురువులు, మళ్ళీ ఒక లఘువు. ఉత్పలమాలలో, చంపకమాలలో రెండు గురువులు ఎక్కడా పక్కపక్కన రావు కనుక ఈ పేరు వాటిలో పట్టదు. కందంలో పడుతుంది కానీ పాదం మొదట్లో పెట్టలేం. శార్దూలంలో ఒక్కటే చోటు, 11వ అక్షరం నుంచి 15 దాకా. మత్తేభంలో 12 నుంచి 16 దాకా. శార్దూలానికి యతి 13, మత్తేభానికి 14. లెక్కపెట్టి చూస్తే రెండింటిలోనూ యతి స్థానంలో పడేది ‘రా’నే. అంటే హుజూరాబాదు పేరు పెట్టి శార్దూలం రాయబోయేవాళ్ళు ఆ పాదాన్ని రా, రై, రౌ, రం లాంటి గురువుతో ఎత్తుకోవాలి. మత్తేభమైతే ఉత్త ‘ర’ చాలు. రెండో అక్షరంగా ఏ హల్లు పెడతారో మీ ఇష్టం, మిగతా మూడు పాదాల్లోనూ అదే రావాలి.