శిస్తు మీదే కన్ను

కడప సీమలోని కొండాపురం, జమ్మలమడుగు రేగడి పల్లెల్ని ఏలిన ప్రతి సర్కారూ ఎంత వచ్చిందని అడిగింది. ఎలా వచ్చిందని అడిగింది తక్కువ. 1792లో టిప్పు నుంచి కడప సీమ చేతికి వచ్చాక, నిజాం దాన్ని ఫ్రెంచి సేనాని రేమండ్ పటాలం జీతాల కింద రాసిచ్చేశాడు. ఇక పాలెగాడు ఊళ్లో ఏం చేస్తే ఎవరికి పట్టింది?

1800లో సీమ ఈస్టిండియా కుంపిణీకి దత్తమైంది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గుడారాల్లో తిరుగుతూ, దత్త మండలాలన్నిటా 80 మంది దాకా ఉన్న పాలెగాళ్లను అణచి, పొలాలు కొలిపించాడు. పాలెగాడి మీద లేని మెతకదనం రైతు మీద చూపాడు. శిస్తు నాలుగో వంతు తగ్గించాలనీ, బావుల కింది నేలకు మూడో వంతు తగ్గించాలనీ, వద్దనుకున్న చేను వదులుకునే వీలు రైతుకు ఉండాలనీ 1807లో రాశాడు. మద్రాసు ఒప్పుకోలేదు. పైగా ఊళ్లకు ఊళ్లే గుత్తకిచ్చింది, ముందు మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. గుత్తదారు పైకం కడితే చాలు, రైతును ఎంత పిండినా అడిగేవాడు లేడు. చూసీచూడనట్టు పోవడమంటే ఇదే. అయితే ఆ దయ దక్కింది రైతుకు కాదు. 1820లో మన్రో గవర్నరై వచ్చాక గానీ తాను కోరిన శిస్తు తగ్గింపు అమలు కాలేదు.

గుత్తలు పోయి, రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకునే రైతువారీ మళ్లీ వచ్చినా వసూలు చేసే చేతులు మారలేదు. పంట ఎండితే మాఫీ ఉంది, కానీ ఎండిందని రాయాల్సింది కరణం. ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీకి కలెక్టరు వచ్చేసరికి లెక్క సిద్ధంగా ఉండేది. బాకీపడ్డవాడి సంగతి 1855 నాటి మద్రాసు హింసల కమిషన్ నివేదికలో కనబడుతుంది: చేతివేళ్లను రెండు కర్రల నడుమ పెట్టి నొక్కే చీరత, మనిషిని వంచి తలను కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం. తప్పంతా కింది ఉద్యోగులదేననీ, దొరలకు ఇందులో పాలు లేదనీ కమిషన్ తేల్చింది. ఏటేటా శిస్తు పైసలతో సహా సరిచూసుకున్న దొరలకు ఇది మాత్రం తెలియలేదంటే నమ్మబుద్ధి కాదు.

చాలాచోట్ల తండ్రి నుంచి కొడుక్కే దక్కుతూ వచ్చిన కరణీకం 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా సాగింది. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఊరి దస్త్రం ఒక ఇంటి సొత్తు కాకుండా పోవడానికి, మన్రో శిస్తు తగ్గించమని రాసిన 1807 నుంచి లెక్కేస్తే, 177 ఏళ్లు పట్టింది.