పాటల పట్టిక చారిత్రక ఆధారమా? 'లవ్స్ థీమ్' ఉదాహరణ

శాసనాలను, జనాభా లెక్కలను చరిత్రకారులు ఆధారాలుగా ఎలా వాడుకుంటారో మీకు తెలుసు. పాటల జనాదరణను తెలిపే పట్టికలు కూడా ఆధారాలే. వాటిని ఎలా చదవాలో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

అమెరికాలో 'బిల్‌బోర్డ్' పత్రిక 1958 ఆగస్టు నుంచి వారం వారం 'హాట్ 100' పట్టికను ప్రచురిస్తోంది. 1974 ఫిబ్రవరి 9 నాటి పట్టికలో మొదటి స్థానం 'లవ్స్ థీమ్'ది. బారీ వైట్ స్వరపరచగా లవ్ అన్‌లిమిటెడ్ ఆర్కెస్ట్రా వాయించిన వాద్య సంగీతం ఇది. ఇందులో వయొలిన్లు బాణీని నడిపిస్తాయి. గిటారు, డ్రమ్స్ నృత్యానికి తగిన లయనిస్తాయి. ఆ స్థానంలో ఇది నిలిచింది ఒక్క వారమే.

పట్టిక మనకు చెప్పేది ఇంతవరకే. అది చెప్పని విషయాన్ని గమనించండి. ఆ రోజుల్లో దుకాణాలు తెలిపిన అమ్మకాలను, రేడియో కేంద్రాలు తెలిపిన ప్రసారాలను బట్టి స్థానాలు నిర్ణయించేవారు. నృత్యశాలలో ఒక రికార్డు రాత్రికి ఎన్నిసార్లు మోగినా అది లెక్కలోకి వచ్చేది కాదు. కాని డిస్కో పెరిగింది నృత్యశాలల్లోనే. 1970ల తొలినాళ్లలో న్యూయార్క్ క్లబ్బులకు వచ్చిన నల్లజాతివారు, లాటినోలు, స్వలింగ సంపర్కులు దానికి తొలి శ్రోతలు. క్లబ్బుల ఆదరణతో పైకి వచ్చిన తొలి పాటల్లో 'లవ్స్ థీమ్'ను ఒకటిగా చరిత్రకారులు పేర్కొంటారు. క్లబ్బులో నచ్చిన రికార్డును మరునాడు దుకాణంలో కొన్నప్పుడే ఆ ఆదరణ పట్టికకు అందేది. అంటే పట్టికలో ఉన్నది ఫలితం. కారణం దాని వెలుపల ఉంది. డిస్కోకు 'బిల్‌బోర్డ్' ప్రత్యేక పట్టిక మొదలుపెట్టింది 1974 చివరిలో, ఈ విజయం తరువాతనే.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? 1979 జూలై 12న షికాగోలోని కామిస్కీ పార్కు మైదానంలో వేలాది ప్రేక్షకుల ముందు డిస్కో రికార్డులను పేల్చివేశారు. డిస్కో కంపెనీలు తయారుచేసిన సరుకు మాత్రమేనన్న విమర్శ అప్పట్లో బలంగా ఉండేది. పట్టికను మాత్రమే చదివితే ఆ మాట నిజమనిపిస్తుంది. ఎందుకంటే అందులో పాట, కళాకారుడు, కంపెనీ పేర్లుంటాయి. ఆ సంగీతాన్ని ముందుగా ఆదరించిన జనం ఉండరు. వారిని విస్మరిస్తే డిస్కో చరిత్రలో సగం పోతుంది.

కాబట్టి ఏ పట్టిక చేతికొచ్చినా, అంకెను నమ్మే ముందు దేనిని లెక్కపెట్టారో తెలుసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: "1973లో డిస్కోకు ప్రత్యేక పట్టిక లేదు, కనుక అప్పటికి డిస్కో లేదు." ఈ వాదనలోని లోపాన్ని పది వాక్యాల్లో వివరించండి.