ఉప్పు మోసినవారు నేరస్థ తెగ ఎలా అయ్యారు?

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా తూర్పుకు పోతే మైపాడు దగ్గర సముద్రం వస్తుంది. రైలు లేని రోజుల్లో కోస్తా ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద పడమటి మెట్ట ఊళ్లకు వెళ్లేది. అలా ఉప్పు మోసి, తిరుగు దారిలో ధాన్యం తెచ్చి బతికినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. 1911 నేరస్థ తెగల చట్టం వచ్చాక మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో వారు నేరస్థ తెగగా కనిపిస్తారు. ఈ జిల్లాలోనే కావలిలో వారిని నిఘాలో ఉంచడానికి సెటిల్‌మెంటు పెట్టారు. వారు నేరస్థులన్న తీర్పు ఎవరు చెప్పారు? ఏ సాక్ష్యం మీద చెప్పారు?

సాక్ష్యం విననివ్వకుండా మనిషిని శిక్ష దాకా తోసుకుపోవడాన్ని అమెరికన్ ఇంగ్లిష్‌లో ‘రైల్‌రోడ్ చేయడం’ అంటారు. ఎరుకలవారి విషయంలో నిజంగానే రైలు కూడా ఉంది. అందుకే ఉప్పు బేరం పోవడానికి కారణంగా మొదట రైలునే అనుమానించాలి.

తేదీలు చూడగానే ఆ అనుమానం తేలిపోయినట్టు కనిపిస్తుంది. తిరుపతి వైపు నుంచి నెల్లూరుకు మీటర్‌గేజ్ లైను వచ్చింది 1880వ దశకంలో. బెజవాడ–మద్రాసు లైను పూర్తయింది 1899లో. ఉప్పు బేరం అంతకుముందే దెబ్బతింది. అయితే ఇక్కడ చూడాల్సింది ఉప్పు బయలుదేరే చోటు కాదు, అమ్ముడుపోయే చోటు. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరుకు వెళ్లే లైను 1871కే పూర్తయింది. మెట్ట ప్రాంతంలో ఉప్పు రైలు బండ్లలో దిగడం మొదలయ్యాక గాడిద మీద వచ్చే ఉప్పుకు గిరాకీ తగ్గింది.

రైలు ఒక్కటే కారణం అనడానికీ వీల్లేదు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం 1805 నుంచే ఉంది. 1882లో ఉప్పు చట్టం వచ్చింది. అదే ఏడాది వచ్చిన మద్రాసు అటవీ చట్టం పశువుల మేతకు, బుట్టలల్లే వెదురుకు అడ్డుకట్ట వేసింది. మధ్యలో 1876–78 కరువు. ఇవన్నీ కలిసి బతుకుతెరువు పోయిందని చెబుతాయి. ఆ తర్వాత దొంగతనాలు పెరిగాయని ఇవేవీ చెప్పవు. బేరం పోయింది కాబట్టి దొంగలయ్యారన్నది ఊహ. దాన్ని పక్కన పెట్టాను.

తరతరాలుగా దొంగతనమే వృత్తి అన్న మాట సంగతేమిటి? 1871లో ఉత్తర భారతం కోసం మొదటి నేరస్థ తెగల చట్టం తెచ్చినప్పుడు అధికారులు చేసిన వాదన ఇదే: కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే దొంగతనమూ వస్తుంది. ఈ వాదననే ఎరుకలవారికి పెట్టి చూద్దాం. 1909లో అచ్చయిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాలు వారిలోని శాఖలను చెబుతాయి. ఒక శాఖకు పేరు ఉప్పు మీద, ఒకదానికి కరివేపాకు మీద, మరొకదానికి వెదురు దబ్బల మీద వచ్చింది. వంశపారంపర్యంగా వచ్చిన వృత్తులు ఇవి. వాదన నిలవదు.

మరి కోర్టులు విచారించి తేల్చాయా? 1911 చట్టం అందుకు ఒప్పుకోలేదు. ఒక తెగ నేరాలకు అలవాటు పడిందని నమ్మడానికి కారణం ఉందని స్థానిక ప్రభుత్వం అనుకుంటే నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. ఆ నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగకూడదు. అది వెలువడడమే దానికి తిరుగులేని రుజువు. ఆ తర్వాత పేర్లు రిజిస్టరుకెక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఒక్కొక్కరి మీద విడిగా పెట్టిన దొంగతనం కేసులు కోర్టులకు వెళ్లాయి. తెగ మొత్తం మీద మోపిన నేరం మాత్రం ఏ కోర్టు గుమ్మమూ ఎక్కలేదు.

రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు అసలు ముడి దొరికింది. 1871 చట్టం ప్రకారం నోటిఫికేషన్‌కు ముందు స్థానిక ప్రభుత్వం ఒక నివేదిక పంపాలి. స్థిర నివాసం లేని తెగ అయితే, వారికి న్యాయమైన వృత్తి ఉందా, అది నిజమైన వృత్తేనా లేక నేరాలకు ముసుగా అన్నది అందులో రాయాలి. ఇకముందు వారు ఎలా బతుకుతారో కూడా చెప్పాలి. మద్రాసుకు వర్తించింది 1911 చట్టం. అందులో ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించడానికి ఈ షరతులు లేవు, ‘నమ్మడానికి కారణం’ ఉంటే చాలు. ఎరుకలవారి ఉప్పు బేరం ఫైలులోకి రావాల్సిన దారి ఆ ఒక్క ప్రశ్నే. ప్రకటన దశ నుంచి ఆ ప్రశ్ననే తీసేశారు.

ఎందుకు తీసేశారు? సెటిల్‌మెంట్లకు కూలీల అవసరం ఉందన్నది ఒక జవాబు. స్టూవర్టుపురం సెటిల్‌మెంటు నుంచి మనుషుల్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీ పనికి పంపిన మాట నిజం. కానీ ఆ తర్వాత జరిగిన పని చట్టం రాసిననాటి ఉద్దేశానికి రుజువు కాదు. ఏం జరిగిందో కాగితం చెబుతోంది. అంతకుమించి నేను చెప్పను.

మద్రాసులో ఈ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. మనుషుల నోట్లో ఆ ముద్ర ఇంకా మిగిలే ఉంది. ఊళ్లో దొంగతనం జరిగితే చూపు మొదట ఎరుకల గుడిసెల వైపే తిరుగుతుంది. అలా వేలెత్తి చూపేవారు తమ మాటకు చరిత్ర ఆధారం ఉందనుకుంటారు. వెతికితే దొరికేది ఒక ప్రభుత్వ ప్రకటన మాత్రమే. దాని వెనుక విచారణ లేదు, వాదన లేదు, తీర్పు లేదు. విచారణే జరగని నేరాన్ని మూడు నాలుగు తరాల తర్వాత పుట్టిన పిల్లల మీద మోపే హక్కు ఎవరికీ లేదు.