జీసీసీ: సుంకం ఒక్కటే, విదేశాంగ విధానాలు ఆరు

గల్ఫ్ అనగానే మన దగ్గర చాలామందికి ఒకే దేశంలా అనిపిస్తుంది. నిజానికి సౌదీ అరేబియా, యూఏఈ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్ వేర్వేరు దేశాలు. ఈ ఆరూ కలిసి 1981 మే 25న అబుదాబీలో గల్ఫ్ సహకార మండలి (జీసీసీ) పెట్టుకున్నాయి. ప్రధాన కార్యాలయం రియాద్‌లో ఉంది. 1979 ఇరాన్ విప్లవం, ఆ వెంటనే మొదలైన ఇరాన్-ఇరాక్ యుద్ధం ఈ రాజ్యాలను భయపెట్టి దగ్గరికి చేర్చాయి.

మండలి ఎక్కువగా కట్టిపడేసేది వ్యాపారాన్నే. 2003లో కస్టమ్స్ యూనియన్ వచ్చింది. బయటి సరుకుల్లో ఎక్కువ వాటిపై ఆరు దేశాల్లోనూ 5 శాతమే సుంకం. ఇందులో ఒక చిక్కుంది. ఒక సభ్య దేశం ఎవరికైనా విడిగా సుంకం తీసేస్తే, ఆ సరుకు అక్కడ దిగి మిగతా ఐదు దేశాల్లోకీ చేరిపోతుంది. అందుకే వాణిజ్య ఒప్పందాలు అందరూ కలిసే చేసుకోవాలి. కానీ 2004లో బహ్రెయిన్ అమెరికాతో సొంతంగా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుంది. సౌదీ గట్టిగానే అభ్యంతరం చెప్పింది, అయినా ఆగలేదు. తర్వాత ఒమన్ కూడా అదే దారి పట్టింది. భారత్‌కూ ఇదే అనుభవం. మండలితో 2004లో ఒప్పందానికి పునాది పడింది, 2006, 2008లలో చర్చలు జరిగాయి, తర్వాత ఆగిపోయాయి. చివరికి యూఏఈ విడిగా భారత్‌తో 2022 ఫిబ్రవరిలో ఒప్పందంపై సంతకం చేసింది.

రాజకీయాల్లో పట్టు ఇంకా తక్కువ. ముఖ్యమైన నిర్ణయాలకు ఆరుగురు పాలకులూ ఒప్పుకోవాలి కాబట్టి ఎవరినీ బలవంతపెట్టలేరు. సౌదీకి ఇరాన్‌తో పడని రోజుల్లోనే ఒమన్ అమెరికా-ఇరాన్ రహస్య చర్చలకు చోటిచ్చింది. 2020లో యూఏఈ, బహ్రెయిన్ ఇజ్రాయెల్‌తో సంబంధాలు మొదలుపెడితే, కువైట్ ఆ వైపే వెళ్లలేదు.

అసలు పరీక్ష 2017 జూన్ 5న వచ్చింది. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, వీటితోపాటు మండలి బయటి ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. అల్ జజీరా మూసెయ్యాలి, ఇరాన్‌తో సంబంధాలు తగ్గించుకోవాలి, టర్కీ సైనిక స్థావరం ఎత్తెయ్యాలి అంటూ 13 డిమాండ్లు పెట్టాయి. ఫలితం రివర్స్ అయింది. సౌదీ సరిహద్దు మూతపడటంతో ఖతర్ పాల కోసం విమానాల్లో ఆవులను తెప్పించుకుంది, టర్కీకి, ఇరాన్‌కు మరింత దగ్గరైంది. కువైట్ మధ్యవర్తిగా నిలబడింది, ఒమన్ ఎవరి పక్షమూ పట్టలేదు. దోహాలో ఉన్న మనవాళ్లు దుబాయ్‌లోని బంధువుల దగ్గరికి వెళ్లాలంటే మస్కట్ లేదా కువైట్ మీదుగా తిరిగి వెళ్లాల్సి వచ్చింది. 2021 జనవరి 5న అల్ ఉలాలో రాజీ కుదిరింది. ఖతర్ అల్ జజీరాను మూయలేదు, టర్కీ స్థావరాన్నీ తీసెయ్యలేదు.

2008 నాటి ఉమ్మడి మార్కెట్ ప్రకారం జీసీసీ పౌరులు ఆరు దేశాల్లో ఎక్కడైనా పని చేసుకోవచ్చు. కరీంనగర్, కడప నుంచి వెళ్లిన కార్మికుడికి ఆ సౌకర్యం లేదు. సౌదీ ఇఖామాతో కువైట్‌లో ఉద్యోగం చెయ్యలేడు. ఇంటిపని చేసేవాళ్ల రక్షణ కోసం భారత్ కూడా సౌదీతో 2014లో, కువైట్‌తో 2021లో విడివిడిగానే ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది.