చలికాలపు టైరు కథ

రబ్బరుకు శీతోష్ణములతో పొత్తు కుదరకపోవుట నేటి మాట కాదు. 1830 తరువాతి సంవత్సరములలో అమెరికాలో రబ్బరు బూట్లు, కోట్లు చేసి అమ్మినవారిలో పలువురు దివాలా తీసిరి. సరుకు వేసవిలో కరగి జిగురువలె అంటుకొనెడిది. చలిలో కొయ్యవలె బిగిసెడిది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకము కలిపి వేడిచేయగా ఈ దోషము చాలవరకు తొలగెను. చాలవరకే గాని పూర్తిగా కాదు. ఆ మిగిలిన కొంచెమే నేటికిని మంచుదేశములలో చిన్నకారు కొన్నవారిని తికమక పెట్టుచున్నది. చలికాలమునకు వేరే టైర్లు కొనవలెనా, అన్ని ఋతువుల టైర్లతో సరిపెట్టుకొనవచ్చునా?

మొదటి జవాబులలో ఒకటి ఫిన్లండు నుండి వచ్చెను. నోకియా పట్టణములోని రబ్బరు కర్మాగారము 1934లో లారీలకు, 1936లో కార్లకు చలికాలపు టైర్లను తయారుచేసెను. కార్ల టైరుకు పెట్టిన హక్కపెలిట్టా అను పేరు 1618–1648 నాటి ముప్పది సంవత్సరముల యుద్ధములో పోరాడిన ఫిన్లండు రౌతులది. ఈ టైర్ల బలము ముఖ్యముగా రూపములో ఉండెను: దళసరి దిమ్మెలు, లోతైన గాళ్లు. మెత్తని హిమమును అవి గిట్టలవలె త్రవ్వుకొని పోయెడివి. మరి నున్నని మంచుగడ్డపై గాళ్లు ఏమి చేయగలవు? అందుచే టైరులో లోహపు మేకులు బిగించు పద్ధతి 1960 తరువాత వ్యాపించెను.

మేకులు మంచుగడ్డను పట్టుకొనెను. మంచు లేనిచోట రోడ్డునే చెక్కివేసెను. జపానులోని సెండాయి నగరమున చలికాలములో పొడిరోడ్డుపై కార్ల మేకులు ఒరసికొని, తారు పొడియై గాలిలో లేచెను. జనులు ఆ ధూళిని పీల్చవలసి వచ్చెను. 1980 తరువాత అక్కడి పౌరులు గట్టిగా ఆందోళన చేసిరి. 1990లో ఆ దేశము మేకుల టైర్లను అరికట్టు చట్టము చేసెను. ఇక రబ్బరునే మార్చవలెను.

రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. వెచ్చగా ఉన్నప్పుడు అవి సులువుగా కదలును. టైరు రోడ్డుపైగల సూక్ష్మమైన ఎగుడుదిగుడులలో ఒదిగి పట్టు దొరకించుకొనును. చలి పెరిగినకొలది ఆ కదలిక మందగించును. సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన వేసవి టైరు బిగిసి పట్టు కోల్పోవునని వాడుక లెక్క. చలికాలపు టైరు రబ్బరు చలిలోను మెత్తగా ఉండును. దాని దిమ్మెలపై సన్నని కోతలు కూడ ఉండును. అదే రబ్బరు ఎండలో అతిమెత్తనై త్వరగా అరుగును. అన్ని ఋతువుల టైరు ఈ రెంటికి నడుమ కుదుర్చుకొన్న రాజీ.

అమెరికాలో 1977లో గుడ్‌ఇయర్ సంస్థ టియెంపో అను టైరుతో ఈ రాజీని ప్రచారములోనికి తెచ్చెను. ఇట్టి టైర్లపై 'ఎం ప్లస్ ఎస్', అనగా బురద, హిమము అను గుర్తు సాధారణముగా కనిపించును. ఈ గుర్తు గాళ్ల ఆకారమును బట్టి వేయుదురే గాని, హిమముపై పరీక్షించి కాదు. కొనువారు మోసపోవునది ఇక్కడనే. 1999లో మూడు శిఖరముల కొండ, హిమపుష్పము గల కొత్తగుర్తు ఏర్పడినది. ప్రమాణపు టైరు పట్టును 100గా తీసికొని, హిమముపై 110 అయినను సాధించిన టైరుకే ఇది దక్కును. మంచుగడ్డపై పట్టును మాత్రము ఈ పరీక్ష కొలువదు.

చిన్నకారు తేలిక గదా, ఏ టైరైనను చాలునని కొందరందురు. ఈ వాదము నిలువదు. బరువు తగ్గినచో రోడ్డుపై పట్టును అదే పాలులో తగ్గును. చిన్నకార్లలో తరచుగా ఇంజను ముందు చక్రములను త్రిప్పును గనుక ముందు రెండే మార్చి డబ్బు మిగుల్చుకొనువారును కలరు. బ్రేకు వేసి మలుపు తిరిగినప్పుడు ముందుభాగము నిలద్రొక్కుకొనును. వెనుకభాగము జారి కారు బొంగరమువలె తిరుగవచ్చును. మార్చినచో నాలుగును మార్చవలెను. ఖర్చు రెట్టింపగునన్న భయమును అతిగా పెట్టుకొననక్కరలేదు: ఒక జట్టు తిరుగుచుండగా రెండవది అరుగక ఉండును. హిమము ఏడాదికి రెండుమూడు రోజులే పడు ఊళ్లలో కొండగుర్తు గల అన్ని ఋతువుల టైరు చాలును. నెలల తరబడి రోడ్డు గడ్డకట్టు చోట చలికాలపు టైరే సరి.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రము 2008లో చలికాలపు టైర్లను నిర్బంధము చేసెను. 2014 డిసెంబరు నుండి కొండగుర్తుగాని మేకులుగాని ఉండవలెనని నిర్ణయించెను. డిసెంబరు 15న మొదలైన గడువును 2019లో డిసెంబరు 1కి జరిపెను.