వయోవృద్ధుల మందుల ఖర్చు – ఆరోగ్య బీమా ఎంపికలో గమనించవలసిన అంశాలు

రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు వంటి దీర్ఘకాలిక సమస్యలున్న వయోవృద్ధులకు ప్రతి నెలా మందుల ఖర్చు తప్పదు. ఆరోగ్య బీమా ఉన్నంత మాత్రాన ఈ ఖర్చు తిరిగి వస్తుందని భావించడం సరికాదు. దేశంలోని పాలసీలలో అధిక భాగం ఆసుపత్రిలో చేరినప్పుడు అయ్యే వ్యయం కోసమే రూపొందాయి. అమెరికాలో మెడికేర్ పథకం కింద వృద్ధుల మందుల కోసం ‘పార్ట్ డి’ అనే ప్రత్యేక బీమా 2006 నుంచి అమలులో ఉంది. మన దేశంలో ఆ తరహా ప్రత్యేక పథకం లేదు. అందువల్ల ఆసుపత్రి ఖర్చును, నిత్యం వాడే మందుల ఖర్చును వేర్వేరుగా లెక్కించుకోవడం అవసరం.

ప్రభుత్వ పథకాలు

70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ – ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను వర్తింపజేసే కార్యక్రమం 2024 అక్టోబర్ 29న ప్రారంభమైంది. ఆధార్ ఆధారంగా జారీ చేసే ‘వయ వందన’ కార్డుపై కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స లభిస్తుంది. ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులు ఇందులో కలిసి ఉంటాయి. ఆ తర్వాత ఇంటి వద్ద వాడుకునే మందులకు ఈ పథకం వర్తించదు. ప్రైవేటు బీమా ఉన్నవారు కూడా ఈ కార్డు తీసుకోవచ్చు. వివరాలకు 14555 నంబరును సంప్రదించవచ్చు.

కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్), మాజీ సైనికుల ఆరోగ్య పథకం (ఈసీహెచ్‌ఎస్) లబ్ధిదారులు తమ ప్రస్తుత పథకాన్ని గానీ, వయ వందనను గానీ ఏదో ఒకటి మాత్రమే ఎంచుకోవాలి. సీజీహెచ్‌ఎస్ వెల్‌నెస్ కేంద్రాలు, ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లు నిత్యం వాడే మందులను కూడా సమకూరుస్తాయి. పథకం మారితే ఆ సదుపాయాన్ని వదులుకోవలసి వస్తుంది కనుక ఈ నిర్ణయం తొందరపడి తీసుకోదగినది కాదు.

ప్రైవేటు పాలసీలు

65 ఏళ్లు దాటిన వారికి కొత్త పాలసీ ఇవ్వకుండా అడ్డుగా ఉన్న వయోపరిమితిని బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2024 ఏప్రిల్ నుంచి తొలగించింది. అప్పటికే ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం 36 నెలలకు మించరాదని నిర్దేశించింది. సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే బీమా సంస్థలు ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు.

పాలసీ పత్రంలో ముఖ్యంగా చూడవలసినది సహ చెల్లింపు (కో-పే) నిబంధన. 20 శాతం కో-పే ఉంటే 3 లక్షల రూపాయల బిల్లులో 60 వేలు రోగి భరించాలి. ఆసుపత్రిలో చేరక ముందు, డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజుల మందులకు చెల్లిస్తారు, గది అద్దెపై పరిమితి ఉందా అన్నవి కూడా పరిశీలించాలి.

కొన్ని సంస్థలు అదనపు ప్రీమియంపై అవుట్ పేషెంట్ (ఓపీడీ) సదుపాయం ఇస్తున్నాయి. ఇందులో మందుల బిల్లులకు చెల్లిస్తారా, లేక వైద్యుని సంప్రదింపులకు, పరీక్షలకు మాత్రమేనా అన్నది స్పష్టంగా తెలుసుకోవాలి. ఉదాహరణకు, నెలకు 2,500 రూపాయల చొప్పున మందులకు ఏడాదికి 30 వేలు ఖర్చవుతున్నాయనుకుందాం. ఓపీడీ పరిమితి 10 వేలు, దానికి అదనపు ప్రీమియం 8 వేలు అయితే మిగిలేది 2 వేలు మాత్రమే. అవే మందులు జనరిక్ రూపంలో సగం ధరకు దొరికితే 15 వేలు ఆదా అవుతాయి.

మందుల ఖర్చుకు ఇతర మార్గాలు

ప్రధానమంత్రి భారతీయ జన ఔషధి కేంద్రాలలో అనేక జనరిక్ మందులు బ్రాండెడ్ మందుల కంటే 50 నుంచి 80 శాతం తక్కువ ధరకు లభిస్తాయి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు, మధుమేహం మందులు ఉచితంగా ఇస్తారు. అయితే వాడుతున్న మందును మార్చే ముందు వైద్యుని సలహా తప్పనిసరి.

దరఖాస్తు సమయంలో

ఉన్న వ్యాధులను, వాడుతున్న మందులను దరఖాస్తులో దాచకుండా పేర్కొనాలి. వాటిని దాచితే అవసర సమయంలో క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. పాలసీ చేతికందిన 30 రోజులలోగా, నచ్చకపోతే రద్దు చేసుకునే వెసులుబాటు ఉంది. మరో సంస్థకు మారదలచినవారు పాత పాలసీ గడువు ముగియడానికి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు చేస్తే అప్పటివరకు గడిచిన నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది.

క్లెయిమ్‌పై వివాదం తలెత్తితే మొదట బీమా సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో పరిష్కారం లభించకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాల వారికి ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఇందుకు రుసుము గానీ, న్యాయవాది గానీ అవసరం లేదు.